మన దస్తర్ఖాన్ మీది నీలి పింగాణీ – దాని అసలు ఊరేది?



సంఘం సంచికలో పిల్లల చదువు గురించి, పెళ్ళి ఖర్చుల గురించి, కబ్రస్తాన్ ప్రహరీ గురించి వ్రాయడం రివాజు. అవన్నీ అవసరమైన విషయాలే. ఈసారి మాత్రం మేము ఇంటి అల్మారాలో పై అరలో పెట్టిన నీలిరంగు పింగాణీ పళ్ళెం గురించి నాలుగు మాటలు వ్రాయబూనినాము. ఇదేం ముచ్చట అని కొందరు అనుకొనవచ్చును. చరిత్ర అంటే కోటలు, యుద్ధాలు, పాదుషాల పేర్లు మాత్రమే అనుకొనేవారికి అట్లాగే తోస్తుంది. కానీ ఒక్క పళ్ళెం వెనుక ఎన్ని దేశాలు, ఎన్ని సముద్రాలు, ఎంతమంది పేరు తెలియని పనివాళ్ళు ఉన్నారో చూస్తే అది కూడా ఒక తారీఖే అని ఒప్పుకొనక తప్పదు.

మా ఉర్దూ మీడియం తరగతిలో పిల్లలను "చీనీ బర్తన్ ఎక్కడ తయారైంది?" అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "చీనాలో, సర్" అంటారు. పేరులోనే జవాబు ఉన్నది గదా! పిల్లల తప్పేమీ లేదు, పెద్దలు కూడా అదే అంటారు. కానీ వస్తువు పేరు వేరు, దాన్ని చేసిన చెయ్యి వేరు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ముఖ్యంగా ఇదే.

పేర్ల సంగతి

తెలుగులో మనం పింగాణి అంటున్నాము. ఇది అచ్చ తెలుగు మాట కాదు. ఫార్సీలో పింగాన్ అంటే గిన్నె. అదే మాట అరబ్బులకు పోయి ఫింజాన్ అయింది. నేటికీ అరబ్బులు కాఫీ త్రాగే చిన్న కప్పును ఫింజాన్ అనే అంటారు. గల్ఫ్‌కు పోయివచ్చిన మన సోదరులకు ఈ మాట బాగా తెలుసు. మన ఇండ్లలో ఊరగాయ పెట్టే జాడీని ఉర్దూలో మర్తబాన్ అంటారు. అది బర్మా దేశంలోని మర్తబాన్ రేవు పేరు. జాడీలు ఆ రేవు మీదుగా వచ్చేవి కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది.

అట్లాగే మెరుగు పెట్టిన తెల్లని సామాను ఏదైనా మనవాళ్ళకు చీనీయే. దౌలతాబాద్ కోటలో చీనీ మహల్ అని ఒక కట్టడం ఉన్నది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాను ఔరంగజేబు 1687లో ఓడించి అక్కడనే ఖైదు చేసి ఉంచినాడు. తానాషా మళ్ళీ గోల్కొండ చూడకుండానే అక్కడ కన్ను మూసినాడు. గోడల మీద నీలం, తెలుపు మెరుగు పలకలు పొదిగినందువల్ల ఆ మహలుకు ఆ పేరు వచ్చింది. హైదరాబాదులో సాలార్ జంగుల దీవాన్ దేవిడీలో కూడా చీనీఖానా అనే భాగం ఉండేది. అంటే చీనీ అన్నది ఊరి పేరుగా మొదలై, సామాను పేరుగా మారి, చివరికి రంగు పేరు, హంగు పేరు అయిపోయింది.

నీలం ఎక్కడిది?

పింగాణీని మొట్టమొదట కనిపెట్టింది చీనా వాళ్ళే, సందేహం లేదు. తెల్లని ప్రత్యేకమైన మట్టిని, రాతిపిండిని కలిపి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే గాజులాగా గట్టిపడి, వ్రేలితో తట్టితే ఖంగుమని మ్రోగుతుంది. మామూలు కుండను కాల్చే ఆవములో అంత వేడి రాదు. చీనాలోని జింగ్‌దెజెన్ పట్టణం ఈ పనికి ప్రపంచ ప్రసిద్ధి చెందింది.

కానీ ఆ తెలుపు మీద వేసే నీలం? అది కోబాల్టు అనే ఖనిజం. 14వ శతాబ్దంలో చీనాలో నీలి పింగాణీ పెద్ద ఎత్తున మొదలైనప్పుడు మంచి కోబాల్టు ఇరాన్ నుండి పోయేది. కాషాన్ పట్టణం దగ్గర దాని గనులుండేవి. తరువాతి కాలంలో చీనా వాళ్ళు ఇట్లా బయటి నుండి వచ్చిన నీలాన్ని 'హుయ్‌హుయ్ చింగ్' అన్నారు. ఆ మాటకు ముసల్మానుల నీలం అని అర్థం. చూడండి, మనం ఆ గిన్నెను చీనీ అంటున్నాము, చీనా వాళ్ళేమో దాని మీది రంగును ముసల్మానులది అంటున్నారు!

ముస్లిం దేశాలలో ఈ సామానుకు గిరాకీ పెరగడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. బంగారు, వెండి పాత్రలలో తినడం, త్రాగడం హదీసులలో నివారించబడింది. కావున పాదుషాల దస్తర్ఖాన్ మీద కూడా పింగాణీకి ఇజ్జత్ దొరికింది. ఇరాన్ పాదుషా షా అబ్బాస్ 1611లో అర్దబీల్ దర్గాకు వెయ్యికి పైగా చీనా పింగాణీ పాత్రలను వక్ఫు చేసినాడు. వాటి కోసమే అక్కడ చీనీఖానా ఏర్పాటయింది. ఇస్తాంబూల్‌లోని తోప్‌కాపీ మహలులో పది వేలకు పైగా చీనా పాత్రలున్నవి. వాటితోపాటు జపాను పాత్రలు కూడా వందల సంఖ్యలో ఉన్నవి. ఈ జపాను సామాను ఎట్లా వచ్చిందో ఇప్పుడు చూతాము.

ఖైదీల చేతి పని

జపానులో 17వ శతాబ్దం ప్రారంభం వరకు పింగాణీ తయారీ లేదు. మట్టి పాత్రలు బాగా చేసేవారు గానీ ఈ తెల్లని సామాను చీనా నుండి, కొరియా నుండి కొనుక్కొనేవారు. 1592 నుండి 1598 వరకు జపాను పాలకుడు హిదెయోషి కొరియా మీదికి రెండుసార్లు సేనలను పంపినాడు. ఊళ్ళకు ఊళ్ళే నాశనమైనవి. మరలి వచ్చేటప్పుడు జపాను సర్దారులు కొరియా కుమ్మరులను కుటుంబాలతో సహా పట్టుకొని వచ్చినారు. అందుకే ఆ యుద్ధాన్ని కొందరు చరిత్రకారులు కుండల యుద్ధం అని కూడా అంటారు.

అట్లా వచ్చినవారిలో యీ సామ్ ప్యోంగ్ అనే కుమ్మరి ఒకడు. క్యూషూ ద్వీపంలో అరితా అనే ఊరి దగ్గర ఇజుమియామా కొండలో పింగాణీకి పనికివచ్చే తెల్లరాయిని 1616 ప్రాంతంలో అతడే కనుగొన్నాడని అక్కడి వారు పరంపరగా చెప్పుకొంటారు. అరితా వాళ్ళు అతని పేర స్మారక స్తంభం నిలబెట్టి నేటికీ గౌరవిస్తున్నారు. కానీ అతనితోపాటు వచ్చిన వందలాది పనివాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఎవరికీ తెలియవు. స్వదేశానికి మరలిపోలేక, అక్కడి పేర్లు పెట్టుకొని అక్కడి మట్టిలోనే కలిసిపోయినారు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా అరలు కట్టి కాల్చే పెద్ద బట్టీల విద్య కూడా కొరియా వాళ్ళ నుండి వచ్చినదే.

చీనాలో 1644లో మింగ్ రాజ్యం కూలింది. ఆ తరువాత ఏండ్ల తరబడి అంతర్యుద్ధం సాగింది. జింగ్‌దెజెన్ బట్టీలు చల్లారినవి. పైగా కొత్త ప్రభుత్వం సముద్ర వ్యాపారం మీద నిషేధం పెట్టింది. అది 1684 దాకా తొలగలేదు. ప్రపంచమంతా పింగాణీ కావాలంటున్నది, చీనా నుండి సరుకు రావడం లేదు. ఆ సందులో అరితాకు దశ తిరిగింది.

డచ్చివారి ఓడలు, మన మచిలీపట్నం

ఆ కాలంలో యూరపు జాతులలో జపానుతో వ్యాపారం చేయడానికి ఒక్క డచ్చివారికే అనుమతి ఉండేది. అది కూడా 1641 నుండి నాగసాకి రేవులో విసనకర్ర ఆకారంలో కట్టిన దెజిమా అనే చిన్న దీవికే పరిమితం. వాళ్ళ కంపెనీ 1602లో ఏర్పడింది. 1650 తరువాత ఈ కంపెనీ అరితా పింగాణీని కొనడం ప్రారంభించింది. మొదటి ఆర్డర్లలో తమ బటావియా దవాఖానా కోసం మందు సీసాలు, లేపనం డబ్బీలు కూడా ఉన్నవి. 1659లో ఒక్కసారే యాభై వేలకు పైగా పాత్రలకు ఆర్డరు ఇచ్చినారు. అందులో యెమెన్‌లోని మోఖా రేవుకు పంపవలసినవి కూడా ఉన్నవి. అరబ్బుల కాఫీకి జపాను కప్పు! ఈ సామాను అరితా నుండి ఇమారి అనే రేవు మీదుగా నాగసాకికి పోయేది. అందుకే అరితాలో చేసిన దానికి ఇమారి సామాను అనే పేరు వచ్చింది. ఇక్కడ కూడా చేసిన ఊరి పేరు పోయి, ఓడ ఎక్కిన ఊరి పేరు నిలిచింది.

ఇక మన సంగతి. గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లో అక్కడికి వచ్చి, మరుసటి ఏడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా నుండి ఫర్మానా పొంది స్థిరపడినారు. హాలెండు వాళ్ళను తెలుగువారు వలందావారు అన్నారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట నేటికీ ఉన్నది. వాళ్ళ సమాధులు కూడా ఉన్నవి. నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో కూడా వాళ్ళ వ్యాపార స్థావరం ఒకటి ఉండేది. జపాను పింగాణీని ఇరానుకు, సూరతుకు, బెంగాలుకు పంపినట్లే ఈ కోరమండల తీరానికి కూడా పంపినట్లు కంపెనీ లెక్కల పుస్తకాలలో ఉన్నది.

దానికంటే ఎక్కువగా వచ్చినది జపాను రాగి. 1668లో జపాను ప్రభుత్వం డచ్చివారు వెండిని బయటికి తీసుకుపోకుండా ఆపేసింది. అప్పటి నుండి రాగి కడ్డీలే ముఖ్యమైన సరుకు అయినవి. అవి ఈ తీరంలో అమ్ముడుపోయి నాణేలకు, వంట పాత్రలకు పనికివచ్చినవి. పింగాణీ దస్తర్ఖాన్ మీద కనబడేది. రాగి మాత్రం కరిగి మన పైసలలో, మన దేగచీలలో కలిసిపోయింది.

మన నుండి ఏం పోయింది?

వ్యాపారం ఒక వైపు నుండి నడవదు. వాళ్ళ సరుకుకు బదులు మన సరుకు ఏమిటంటే, ముందుగా బట్ట. మచిలీపట్నం చుట్టుప్రక్కల నేసి, చిరివేరుతో ఎరుపు వేసి, కలంతో పూలు దిద్దిన అద్దకం బట్టలు జపాను దాకా పోయినవి. అక్కడివారు హిందూస్తానీ అద్దకాన్ని సరసా అన్నారు. వాళ్ళకు అది ఎంత ప్రియమంటే, చిన్న చిన్న ముక్కలు కూడా పారవేయకుండా పుస్తకాలలో అంటించి దాచుకొన్నారు. తేనీటి మర్యాదలో వాడే విలువైన పాత్రలకు ఆ ముక్కలతో సంచులు కుట్టించినారు. అక్కడి గిన్నె మన నవాబుల అల్మారాలో చేరితే, ఇక్కడి బట్ట అక్కడి గిన్నెకు గలీబు అయింది!

రెండవది గాలీచా. జపానులోని క్యోటో నగరంలో ప్రతి ఏటా జులైలో గియోన్ అనే పెద్ద ఉత్సవం జరుగుతుంది. ఊరేగింపు రథాలకు నాలుగు వైపులా పాత గాలీచాలు వ్రేలాడదీస్తారు. డచ్చివారి ఓడల మీద వచ్చిన ఆ గాలీచాలలో అనేకం మన దక్కనులో నేసినవని పండితులు పరిశీలించి తేల్చినారు. ఏ ఊళ్ళో, ఏ మగ్గం మీద అన్నది వాటి మీద వ్రాసి లేదు. గాలీచా పనిలో మన వరంగల్లుకు ఎంత పేరుండేదో అందరికీ తెలిసినదే. 1851లో లండన్ మహా ప్రదర్శనలో కూడా వరంగల్లు గాలీచాలు పెట్టినారు. వరంగల్లు దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేత పని చేసే కుటుంబాలు మన హసన్‌పర్తి చుట్టుప్రక్కల కూడా ఉన్నవి గదా! వాళ్ళ తాతముత్తాతల పేర్లు గూడా, ఆ కొరియా కుమ్మరుల పేర్ల లాగానే, ఏ కంపెనీ పుస్తకంలోనూ లేవు. లెక్కల పుస్తకంలో సరుకు ఉంటుంది, ధర ఉంటుంది, చేసినవాడు ఉండడు.

మన ఇండ్లలో ఉన్నది ఏది?

1684 తరువాత చీనా సరుకు మళ్ళీ బయటికి వచ్చింది. చీనా ధరలు తక్కువ. జపాను సరుకుకు గిరాకీ క్రమంగా పడిపోయి 18వ శతాబ్దం మధ్య నాటికి కంపెనీ కొనుగోళ్ళు నామమాత్రం అయినవి. మళ్ళీ 1868 తరువాత, మెయిజీ చక్రవర్తి కాలంలో జపాను తలుపులు తెరచి యంత్రాలు, అచ్చు పద్ధతులు నేర్చుకొన్నది. 1893లో జపాను నుండి బొంబాయికి నేరుగా స్టీమరు సర్వీసు మొదలైంది. పత్తి అటు పోయేది, సామాను ఇటు వచ్చేది.

కాబట్టి ఉన్న మాట చెప్పాలి. మన ఇండ్లలో ఉన్న నీలి పళ్ళేలు చాలా వరకు ఈ తరువాతి కాలానివి, లేకపోతే ఇంగ్లాండులో అచ్చు వేసినవి. కుతుబ్‌షాహీల నాటివని చెప్పి ఎవరైనా లక్షల ఆశ పెడితే నమ్మవద్దు. అసలైన పాతవి చూడదలచినవారు హైదరాబాదులో సాలార్ జంగ్ మ్యూజియం చూడవచ్చును. మూడవ సాలార్ జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగు చేసిన వస్తువులతో 1951లో అది ప్రారంభమైంది. అక్కడ జపాను పాత్రలకు ప్రత్యేకంగా చోటు ఉన్నది.

ఇంట్లో ఉన్నదాన్ని పరిశీలించేవారికి కొన్ని గుర్తులు చెప్తాము. పూలు చేతితో గీసినవైతే ఏ రెండు ఆకులూ ఒకేలా ఉండవు. కుంచె ఆగిన చోట నీలం చిక్కగా కనబడుతుంది. అచ్చు వేసినదైతే గీతలన్నీ ఒకే మందంలో ఉండి, కాగితం అతుకు పడిన చోట నమూనా తెగి కనబడుతుంది. పాత అరితా పెద్ద పళ్ళేల అడుగున మూడు నాలుగు చిన్న ముల్లు గుర్తులుంటవి. బట్టీలో పళ్ళెం నడిమి కుంగిపోకుండా క్రింద నిలబెట్టిన మట్టి మేకుల గుర్తులవి. చీనా పళ్ళేలలో ఇవి సాధారణంగా కనబడవు. అడుగున ఇంగ్లీషులో నిప్పన్ అని ఉంటే అది 1891కి తరువాత, సాధారణంగా 1921కి ముందుది. మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్ అని ఉంటే 1947కు, 1952కు మధ్యది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. అడుగున చీనా అక్షరాలున్నంత మాత్రాన చీనాది కాదు. అరితా పనివాళ్ళు తమ పాత్రల మీద మింగ్ చక్రవర్తుల కాలం నాటి చీనా ముద్రలే వ్రాసేవారు. కొనేవాడికి ఆ పేరు మీదనే నమ్మకం గనుక తమ చేతి పని మీద తామే ఇంకొకరి పేరు వ్రాసుకొన్నారు. పనివాడికి ఇంతకంటే పెద్ద దుఃఖం ఏముంటుంది?

చివరి మాట

ఇండ్లు పంచుకొన్నప్పుడు, పెద్దలు గుజరిపోయినప్పుడు, పెళ్ళికి ముందు సున్నాలు వేయించేటప్పుడు పాత పెట్టెలు బయటపడతవి. పాత సామాను వాడు వస్తాడు. ఎంతో కొంత చేతిలో పెట్టి, లేదా ఒక స్టీలు గిన్నె బదులిచ్చి తీసుకుపోతాడు. అమ్మవద్దని మేము అనము. ఎవరి అవసరం వారికి తెలుసు. కానీ అమ్మేముందు ఇంట్లోని దాదీని, నానీని కూర్చోబెట్టి, "ఇది ఎవరి జహేజ్‌లో వచ్చింది? ఎవరు, ఏ ఊరి నుండి తెచ్చినారు? దీంట్లో ఏం వడ్డించేవారు?" అని అడిగి ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టండి. పళ్ళెం అడుగున ఉన్న గుర్తును ఫోటో తీసి ఉంచండి. సెలవులలో ఈ పని మన పిల్లలే చేయగలరు. మాటలు ఉర్దూలో ఉన్నా, తెలుగులో ఉన్నా ఫరవాలేదు. అట్లా పది ఇండ్ల నోటుబుక్కులు జమ అయితే అది హసన్‌పర్తి ముస్లిం కుటుంబాల చరిత్ర అవుతుంది. అటువంటి పుస్తకం ఏ మ్యూజియంలోనూ దొరకదు. అడగవలసిన దాదీలు, నానీలు ఏటేటా తగ్గిపోతున్నారు. పళ్ళెం పగిలితే ముక్కలైనా దొరుకుతవి, వాళ్ళతో పోయిన మాట మాత్రం దొరకదు.

ఇరాన్ నీలంతో మొదలైన సొగసు, కొరియా ఖైదీ విద్య, జపాను కొండరాయి, డచ్చివారి ఓడ, తెలుగు రేవు, దక్కను దస్తర్ఖాన్ – ఇన్ని కలిస్తేనే ఆ పళ్ళెం. దాన్ని ఏ ఒక్కరూ 'ఇది పూర్తిగా మాదే' అనలేరు. పిల్లలు మళ్ళీ "చీనాలో, సర్" అన్నప్పుడు మేము కాదనము. "ఇంకా ఎవరెవరు, బేటా?" అని అడుగుతాము. ఇంటి దగ్గర మీరు కూడా అట్లాగే అడగవలసిందని మా మనవి.